వంతు కడియాలు

దమయంతి మళ్లీ పనిలోకి వచ్చిన రోజు బల్ల దగ్గర ఆమె స్టూలు ఆమె కోసమే ఉన్నట్టుంది. దాని కుంటి కాలు కదలకుండా తను కట్టిన ఎర్రగుడ్డ పీలిక కూడా ఊడిపోలేదు. అది చూసేసరికి ఆమెకు కళ్లు చెమర్చాయి.

పలాసలో జీడిపప్పు కార్ఖానాలకు కొదవ లేదు గాని, దమయంతికి తెలిసింది ఇదొక్కటే. అత్తవారింటికి వచ్చిన ఏడాదే ఈ బల్ల దగ్గర కూర్చుంది. పొట్టు తీసిన పప్పును బల్ల మధ్యలో గుట్టగా పోస్తారు. చుట్టూ ఏడుగురు ఆడవాళ్లు కూర్చుని నిండుగా ఉన్న గుండు ఒకవైపు, రెండుగా విడిన బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు ఏరుతారు. చేతుల పని చేతులది, నోళ్ల పని నోళ్లది. ఎవరి కోడలు ఏమంది, ఎవరి గేదె ఈనింది, అన్నీ ఆ బల్ల మీదే తేలిపోవాలి.

"ఒలమ్మ, దొరసానమ్మ వచ్చీసింది!" అంది ఊర్వశి. "మంచం బాగా అచ్చొచ్చినట్టుందే నీకు. బుగ్గలొచ్చీసాయి."

"నీకూ కావాలేటి మంచం?" అంది దమయంతి నవ్వుతూనే.

"నాకెవలిస్తారమ్మా? నేను పడుకుంటే మా ఇంట్లో పొయ్యి పడుకుంటాది."

అందరూ నవ్వారు. దమయంతీ నవ్వింది. కిందటి వానాకాలం జ్వరం వచ్చి తగ్గాక ముందు కాళ్లు, తర్వాత చేతులు పడిపోయాయి. విశాఖలో పెద్దాసుపత్రికి తీసుకెళితే నరాల జబ్బన్నారు. కొన్నాళ్లు ఊపిరి కూడా మిషనే తీసింది. ఆ తర్వాత చేతులు వచ్చాయి, కాళ్లు వచ్చాయి. ఇప్పుడు తన జడ తనే వేసుకుంటుంది, తన నీళ్లు తనే తోడుకుంటుంది. పైకి చూస్తే మునుపటి దమయంతే.

కాని పొద్దున పది దాటేసరికి ఆమె లోపల ఏదో దీపం వత్తి దిగినట్టు దిగిపోయేది. వేళ్లు ఆడుతూనే ఉండేవి, ఆ వేళ్లను ఆడించే మనిషి మాత్రం ఎక్కడో బావిలోకి జారిపోయేది. గుండు వెయ్యాల్సిన చోట బద్ద వేసేది. మధ్యాహ్నం అన్నం ముద్ద నోటిదాకా ఎత్తాలంటే ఏడుపొచ్చేది. అది చెప్పుకోవడానికి ఒంటి మీద ఒక మచ్చైనా లేదు.

"అలుపు మాకు లేదేటి?" అనేది ఊర్వశి. "అందరికీ అలుపే. నాటకాలు ఆడీవోలకి ఇంకాస్త ఎక్కువ."

బల్లకు ఆ చివర కూర్చునే తవిటమ్మ ఏమీ అనేది కాదు. అది ఇంకా కష్టంగా ఉండేది. తవిటమ్మ అందరికంటే పెద్దది, అందరికీ అప్ప. మొగుడు పోయినప్పటినుంచీ చీర మీద అతని పొడుగు చేతుల చొక్కా తొడుక్కునే పనికి వస్తుంది. పొట్టు దుమ్ము పడకుండా చాలామంది మగవాళ్ల చొక్కాలు తొడుక్కుంటారు గాని, తవిటమ్మ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటుంది. ఆవిడ కళ్ల కింద ఎప్పుడూ నల్లగా ఉంటుంది. ఆవిడ మాట్లాడకుండా చూసిందంటే తప్పుపట్టినట్టే.

సూపర్‌వైజర్ జోగారావు చెడ్డవాడేమీ కాదు. దమయంతిని పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు.

"దసరా దాకా చూస్తానమ్మా. అప్పటికీ పూర్తి షిఫ్టు చెయ్యలేకపోతే నీ సీటు ఇంకొకరికి ఇవ్వాల్సిందే. పైనుంచి మాట, నా మాట కాదు."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి దమయంతి అరుగు మీద కూలబడి "అమ్మయ్య" అంది. ఆ మాట వినబడితే చాలు, లోకనాథం లోపల్నుంచి వేన్నీళ్ల బకెట్టు పట్టుకుని వచ్చేవాడు. రోజంతా కొబ్బరికాయలు వలిచే మనిషి, అరచేతులు గరుకు గరుకుగా ఉంటాయి. ఆమె పాదాలు నీళ్లలో పెట్టి, ఆ గరుకు చేతుల్తో మడమలు రుద్దుతూ ఊరి కబుర్లు చెప్పేవాడు. కబురు సగంలో ఉండగానే ఆమె గోడకి తలవాల్చి నిద్రపోయేది.

ఆ రోజు మాత్రం నిద్రపోలేదు. "సీటు పోద్దేమో" అంది.

"పోతే పోనీ."

"నీకేటి తెలుసు? అక్కడ కూర్చుంటేనే నాను మనిషిని."

లోకనాథం నీళ్లు చల్లారాయేమోనని వేలుపెట్టి చూశాడు.

*

డాక్టర్ సుహాసిని వచ్చింది ఆ మరుసటి వారమే. విశాఖలో ఒక పరిశోధన కేంద్రం నుంచి వచ్చిందనీ, జబ్బుపడి లేచినవాళ్లు మళ్లీ పనిలో నిలదొక్కుకునే మార్గం కనిపెట్టిందనీ జోగారావు చెప్పాడు. ఖాళీ గోనెసంచులు ఉండే గది కడిగించి ఆమెకి ఇచ్చారు. గోడకి టీవీలాంటి తెర ఒకటి పెట్టింది. ముప్ఫై దాటని మనిషి, చెప్పులు గది బయట విప్పి లోపలికి వస్తుంది. ఆడవాళ్లకి అది నచ్చింది.

పెట్టె తెరిచి ఏడు కడియాలు బల్ల మీద పెట్టింది. బూడిదరంగువి, వెండీ కాదు ప్లాస్టిక్కూ కాదు. ఒకటి కాస్త వెడల్పు. అది దమయంతి చేతికి తొడిగింది.

"అలుపంటే ఒంట్లో బలం అయిపోవడం ఒక్కటే కాదమ్మా. ఒళ్లు మెదడుకి పంపే కబురు. మీ జబ్బు తగ్గిపోయింది గాని కబురు మాత్రం ఇంకా కేక పెట్టినట్టు పోతోంది. ఆ కేకని ఈ కడియం పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని పారబోయడం కుదరదు, అది ఎక్కడో ఒకచోట దిగాలి. అందుకని ఆరు వంతులు చేసి ఆరుగురికి పంపుతుంది. ఒక్కొక్కరికీ ఒక బిందె నీళ్లు ఎక్కువ మోసినంత ఉంటుంది, అంతే. పనివేళలో ఎవరైనా తీసేస్తే ఆ వంతు వెనక్కి దమయంతిగారికే వస్తుంది. ఇష్టమైనవాళ్లే వేసుకోండి."

ఎవరూ కదల్లేదు. ఆ బల్ల దగ్గర ఎన్ని దెప్పుళ్లు నడిచినా, కూరగిన్నె ఒకరి ముందే ఎప్పుడూ ఆగలేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరి క్యారేజీలూ మధ్యలో పెడతారు. అన్నం ఎవరిది వాళ్లదే, కూర మాత్రం అందరిదీ. దమయంతి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమె వంతు కూర ఒక మూతలో తీసిపెట్టి, పని అయ్యాక కాకులకి వేసేవారట. ఈ సంగతి ఊర్వశే చెప్పింది, దెప్పుతూ.

ఇప్పుడూ ముందు చెయ్యి చాపింది ఊర్వశే. "ఇలాగియ్యమ్మా. ఈవిడ నాటకం ఎంత బరువుందో చూద్దుము."

తర్వాత మిగతావాళ్లూ వేసుకున్నారు. తవిటమ్మ ఆఖర్న వేసుకుని చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది. గోడమీది తెర మీద ఆరు పచ్చదీపాలు వరసగా వెలిగాయి. కడియం చర్మానికి తగులుతుంటే పచ్చ, తీసేస్తే ఎరుపు.

పది దాటింది. దమయంతి లోపల దీపం తగ్గలేదు. ఆమె భయంగా ఎదురుచూసింది. పదకొండయింది. వేళ్లు, వేళ్ల వెనక ఉన్న మనిషి, ఇద్దరూ ఒకేచోట ఉన్నారు. గుండు, బద్ద, ముక్క. గుండు, గుండు, బద్ద. జబ్బుపడ్డాక మొదటిసారి తన చేతుల్ని తను ఇష్టంగా చూసుకుంది.

తలెత్తి చూస్తే బల్ల దగ్గర చప్పుడు లేదు. ఊర్వశి చేతిలో పప్పు చేతిలోనే ఉంది. దమయంతినే చూస్తోంది.

"ఏటే?" అంది దమయంతి.

"ఇది ఆరో వంతేనటే?"

"అవునట."

"నీకు రోజూ ఇలాగేటి?"

దమయంతి తల ఊపింది. ఊర్వశి కాసేపు పప్పు ఏరింది. తర్వాత ముక్కు చీదింది. "బుగ్గలొచ్చీసాయన్నాను. నా నోట్లో దుమ్ము పడ" అని, ఆ రోజు కూరల్లో తన చేపముక్క మొత్తం దమయంతి అన్నం మీద వేసేసింది.

*

తర్వాత వారాలు దమయంతికి పండగలా గడిచాయి. పూర్తి షిఫ్టు చేసింది. జోగారావు బల్ల పక్కనుంచి పోతూ "బాగుందమ్మా" అన్నాడు రెండుసార్లు. సుహాసిని రోజూ పొద్దున పిలిచి అడిగేది. చేతులు లాగుతున్నాయా? కళ్లు తిరుగుతున్నాయా? పనిలో అలుపుందా? లేదు, లేదు, లేదు. డాక్టరమ్మ మొహం వెలిగిపోయేది. ఆమె తండ్రి ఏదో మిల్లులో పనిచేసి, క్షయ తగ్గాక కూడా మళ్లీ పనిలోకి వెళ్లలేక ఇంట్లో కిటికీ దగ్గరే కూర్చుని ముసలివాడైపోయాడట. ఒకసారి కడియం సరిచేస్తూ చెప్పింది.

ఆమె అడగని ప్రశ్న ఒకటి ఉంది. దమయంతికి నిద్ర పట్టడం లేదు.

మొదట సంతోషం వల్ల అనుకుంది. సాయంత్రం ఇంటికొచ్చి కడియం విప్పినా అలుపు రాదు, ఆ రోజుది ఆ రోజే వెళ్లిపోయింది కదా. అంట్లు తోమేది, పాత చీరలు కుట్టేది, వాకిలి మళ్లీ ఊడ్చేది. పడుకుంటే ఒళ్లు మంచం మీద తేలుతున్నట్టుండేది. మునగదు. తెల్లారేది. ఒక రోజుకీ ఇంకో రోజుకీ మధ్య గోడ లేకుండా పోయింది. ఏ పని నిన్న చేసిందో, ఏది ఇవాళ చేసిందో తెలిసేది కాదు. ఆకలి కూడా వేళకి వచ్చేది కాదు.

చెప్తే కడియం తీసేస్తారు. కడియం తీసేస్తే సీటు పోతుంది. దమయంతి చెప్పలేదు.

ఒకనాడు లోకనాథం వేన్నీళ్ల బకెట్టు పట్టుకుని అరుగు దాకా వచ్చి, ఆమె చీపురు పట్టుకుని ఉండటం చూసి నిలబడిపోయాడు.

"ఇవేల కూడా అక్కర్లేదేటి?"

"నాకేటయింది? దుక్కలా ఉన్నాను."

"అదే" అన్నాడు. బకెట్టు కింద పెట్టాడు. "అమ్మయ్య అనడం మానీసావు."

"అలుపు లేనిదే ఎలాగంటాను?"

లోకనాథం ఆ నీళ్లతో తన కాళ్లే కడుక్కుని లోపలికి వెళ్లాడు. మడమలు రుద్దుకోలేదు. మనిషి చిన్నబోయాడని దమయంతికి తెలిసింది గాని, ఎందుకో తెలుసుకునే తీరిక అప్పుడు ఆమె మనసుకి లేదు.

బల్ల దగ్గర ఇంకొకటి జరుగుతోంది. కార్తీకం ఇంకా దూరమే అయినా సోమవారాలు ఒకరికి, శనివారాలు ఒకరికి ఉపవాసాలు. ఒక్కపొద్దున్నవాళ్లు తమ వంతు కూర పక్కవాళ్లకి జరిపెయ్యడం ఆ బల్ల దగ్గర ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కడియానికీ అదే పద్ధతి వచ్చింది. "ఇవేల నాకు ఉపోషం, నా వంతు నువ్వేసుకో అప్పా" అని ఒకామె విప్పి ఇస్తే, తవిటమ్మ "ఇలా తే" అని తీసుకుంది. ఎవరూ తప్పనుకోలేదు. తెర మీద దీపం ఒక్క క్షణం ఎర్రబడి మళ్లీ పచ్చబడింది. ఆరు దీపాలు, ఆరుగురు మనుషులు అనుకుంది డాక్టరమ్మ. కడియాలు లెక్కపెట్టిన తెరకి చేతులు కనబడవు.

ఇంతలో తవిటమ్మ మారింది. కళ్ల కింద నలుపు విరిగింది. పొద్దున తలస్నానం చేసి, నూనె రాసి, నున్నగా దువ్వుకుని వచ్చేది. ఒకసారి ఊర్వశి జోకుకి పడీ పడీ నవ్వింది.

"ఏటప్పా, రంగొచ్చీసావు? మందేటైనా వాడతన్నావేటి?"

"మందే" అంది తవిటమ్మ. "కునుకు పడితే తెల్లారిపోతంది."

మధ్యాహ్నాలు మాత్రం ఆవిడ మెడ వాలిపోయేది. చేతులు నెమ్మదించేవి. పెద్దావిడ కదా అనుకున్నారు. దమయంతి కూడా అలాగే అనుకుంది. చొక్కా చెయ్యి ఎప్పుడూ లేనిది ఉబ్బెత్తుగా కనబడుతున్నా అలాగే అనుకుంది.

*

దసరాకి ఇంకా కొద్దిరోజులున్నాయనగా, మధ్యాహ్నం కూరలయ్యాక, పప్పు ఆరబెట్టే డ్రయ్యర్ గది వైపునుంచి పెద్ద చప్పుడయింది. పళ్లెం కింద పడిన చప్పుడు, తర్వాత పప్పు జలజలా దొర్లిన చప్పుడు. ముందు లేచింది దమయంతి. ఆ బల్ల దగ్గర ఆ వేళప్పుడు పరుగెత్తే సత్తువ ఆమెకే ఉంది.

పప్పు పళ్లెం తేవడానికి వెళ్లిన తవిటమ్మ గోడవారన పడి ఉంది. కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరిచి. వేడి పళ్లెం తగిలి చొక్కా చెయ్యి మసిబారింది. కాలిందేమోనని దమయంతి చెయ్యి పైకి మడిచింది.

మణికట్టు నుంచి మోచేతి దాకా గాజుల్లాగా ఒకదాని పక్కన ఒకటి ఆరు కడియాలు.

ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఉపోషానికని ఇచ్చినవాళ్లు వెనక్కి అడగలేదు, ఎవరికి వాళ్లు నేనొక్కదాన్నే ఇచ్చాననుకున్నారు. ఇన్నాళ్లూ దమయంతి అలుపు మొత్తం, ఆసుపత్రి మంచం మీంచి లేచిన ఆ అలుపు మొత్తం, ఈ ముసలి గుండె ఒక్కటే మోసింది. దాని మీద తన పని తను చేసుకుంది.

మొదటి కడియం లాగింది. భుజం మీద ఎవరో చెయ్యి వేసినట్టయింది. రెండోది తీసింది. రెండో భుజం కూడా దిగింది. మూడోది తీసేసరికి నేలమీద కూర్చుండిపోయింది. నాలుగోది తవిటమ్మ చెమటకి అంటుకుపోయి రాలేదు. దాన్ని తిప్పితిప్పి లాగుతుంటే ఆమెకు ఒకటే ఆలోచన వచ్చింది. ఇక్కడితో ఆపొచ్చు. మిగిలినవి ఉంచేసినా ఈవిడ లేస్తుంది. దసరా దాకా లాక్కురావచ్చు.

నాలుగోది వచ్చింది. అయిదోది తీశాక చెవుల్లో హోరు మొదలైంది. ఆరోది తీసేటప్పుడు తన వేళ్లు తనకు కనబడుతున్నాయి గాని, అవి ఎక్కడో బావి అడుగున ఉన్నాయి.

తవిటమ్మ ఛాతీ పెద్దగా ఒకసారి లేచి పడింది. ఊపిరి తిన్నగా నడిచింది.

మిగతావాళ్లు వచ్చేసరికి దమయంతి కడియాలను చీరచెంగులో మూట కట్టేసింది. "బీపీ అయ్యుంటుంది, ఆటో పిలవండి!" అని అరిచాడు జోగారావు. దమయంతిని కూడా ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది. భయపడిందనుకున్నారు.

*

ఆసుపత్రిలో సాయంత్రానికి తవిటమ్మ తేరుకుంది. గుండె అలిసిందనీ, కొన్నాళ్లు బరువు పని కూడదనీ చెప్పారు. చేతికి చిన్న బొబ్బ, అంతే. మంచం పక్కన స్టూలు మీద దమయంతి సగం వాలిపోయి కూర్చుంది.

"తీసీసినావేటి?" అంది తవిటమ్మ చొక్కా చెయ్యి తడుముకుని.

"సచ్చిపోదువు అప్పా."

"సెప్పీసినావేటి?"

"ఇంకా లేదు."

"సెప్పకే" అంది తవిటమ్మ. ఆవిడ గొంతు ఎప్పుడూ అంత చిన్నగా లేదు. "సెప్తే నీ పని పోద్ది. నా నిద్ర పోద్ది."

దమయంతి అర్థంకానట్టు చూసింది.

"మీ బావ పోయిన కాణ్నించి కన్ను మూతపడ్లేదే నాకు. పక్కంతా ఖాళీ. పడుకుంటే పైకప్పు, లేస్తే గోడ. తెల్లార్లూ తోమిన గిన్నె తోముకుంటాను. మొదట్రోజు నీ వంతు తొడుక్కుని ఇంటికెల్లాను సూడు, ఇలా ఒరిగాను, అలా తెల్లారిపోయింది. ఎంత బాగుందే! రెండు వంతులేసుకుంటే కలలు కూడా వచ్చాయి. కలలో ఆడొచ్చాడు, చుట్ట కాలుస్తూ." తవిటమ్మ నవ్వబోయింది, కళ్లనీళ్లు చెవుల్లోకి జారాయి. "నీకు సాయం సేసినానని అనకు. ఆశపడ్డాను."

దమయంతి ఆవిడ చెయ్యి పట్టుకుంది. తన నిద్ర ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ అది ఈవిడ ఇంట్లో పడుకుని ఉంది. పోనీలే, అది పడుకున్నది మంచి ఇంట్లోనే అనిపించింది.

ఆమె ఇంటికి చేరేసరికి దీపాల వేళయింది. అరుగు దాకా నడవలేక మెట్టు మీదే కూలబడింది.

"అమ్మయ్య" అంది.

లోపల ఏదో గిన్నె కింద పడింది. లోకనాథం గుమ్మంలోకి వచ్చి చూశాడు. మొహంలో ముందు భయం, తర్వాత ఏదో వెలుగు. ఏమీ అడక్కుండా వెనక్కి తిరిగి పొయ్యి మీద నీళ్లు పెట్టాడు. అతని చేతులు మడమల మీద పడ్డాక దమయంతి జరిగినదంతా చెప్పింది.

"రేపు సెప్పీస్తావా?"

"సెప్తే సీటు పోద్ది."

"ఊఁ."

"పోతే పోనీ అనవేటి ఈసారి?"

"అన్ను" అన్నాడు లోకనాథం. "నివ్వు అక్కడ కూర్చుంటేనే మనిషినన్నావు కదా. నాకు మరి నివ్వు ఇక్కడిలా కూర్చుంటేనే..." అని ఆపేశాడు. మాటలు వచ్చే మనిషి కాదు. బొటనవేలితో పాదం మధ్యలో గట్టిగా నొక్కాడు.

దమయంతికి ఆ తర్వాతిది తెలియదు. నిద్రపోయింది.

*

పొద్దున సుహాసిని గది బయటే ఎదురైంది. "నిన్న మధ్యాహ్నం ఆరు దీపాలూ వరసగా ఎర్రబడ్డాయి దమయంతిగారూ. అందరూ ఒకేసారి చేతులు కడుక్కోవడానికి తీశారా?"

అవునని తల ఊపితే చాలు. డాక్టరమ్మే దారి చూపించింది. దమయంతి ఆ మొహంలోకి చూసింది. కిటికీ దగ్గర కూర్చున్న డాక్టరమ్మ తండ్రి గుర్తొచ్చాడు. చెంగు ముడి విప్పి కడియాలు ఆమె చేతిలో పోసింది.

"ఇవి ఆరూ ఒక చేతికే ఉన్నాయమ్మా."

మొత్తం చెప్పింది. సుహాసిని నిలబడే వింది. చివర్న అడిగింది. "మీకు నిద్ర పడుతోందా?"

"నిన్న పట్టింది. కడియం వేసుకున్న కాణ్నించి పట్టలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"మీరడగలేదు. అడిగినా అబద్ధమే చెప్పుదును."

సుహాసిని కుర్చీలో కూర్చుంది. చాలాసేపు కడియాలను వేళ్లతో కదిపింది. "అలుపుతో పాటు నిద్ర కూడా పోతుందని నాకు తట్టలేదు. షిఫ్టు వరకే చూశాను, షిఫ్టు అయ్యాక మనిషి ఏమవుతుందో చూడలేదు." గొంతు సవరించుకుంది. "కిందటి నెల ఒక కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. ఆరోగ్యంగా ఉన్న కార్మికుల అలుపు కూడా తీసి, కూలికి బయటి మనుషుల్ని కూర్చోబెట్టి వాళ్లకి పంపొచ్చా అని అడిగారు. ఆలోచిస్తానన్నాను. చూశారా, ఆలోచిస్తానన్నాను."

ఆమె పెట్టె తీసింది. కడియాలు లోపల పెట్టబోతుంటే గుమ్మంలోంచి గొంతు వినబడింది.

"ఒక్కటుంచమ్మా."

ఊర్వశి. ఆమె వెనక బల్ల దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు. తవిటమ్మ సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయినట్టుంది, మొహాలు పాలిపోయి ఉన్నాయి. జోగారావు వాళ్లను మళ్లీ పనిలోకి తోలడానికి వచ్చి వాళ్ల మధ్యే ఇరుక్కుపోయాడు.

"బాబూ, ఒక్క గంట నివ్వేసుకో" అంది ఊర్వశి.

"నాకెందుకే?"

"దసరాకి సీటు తీసీసీది నివ్వే కదా. ఏటి తీసీస్తన్నావో చూసి తీసీ."

"ఆరో వంతే" అంది సుహాసిని నెమ్మదిగా. "నా ఎదురుగా, ఒక్క గంట. మిగతా అయిదూ నేను వేసుకుంటాను. ఇన్నాళ్లూ నేనే వేసుకోలేదు."

దమయంతి తన వెడల్పు కడియం మళ్లీ వేసుకుంది. జోగారావు నవ్వుతూ తొడుక్కున్నాడు. కార్ఖానాలో చివరిదాకా నడిచి వెళ్లాడు, తిరిగి వచ్చాడు. మళ్లీ వెళ్లబోయి గోనెసంచుల మీద కూర్చున్నాడు. ఎవరో ఏదో అడిగితే వినబడనట్టు చూశాడు. గదిలో సుహాసిని బల్ల మీద తల ఆనించి ఏడుస్తోంది. బాధపడి కాదు, తల ఎత్తే ఓపిక లేక ఏడుస్తోంది. దమయంతి వెళ్లి ఆమె కడియాలు తనే విప్పింది. ఒక్కొక్కటీ తన అలుపు తను తిరిగి తెచ్చుకుంటూ.

జోగారావు తన కడియం తనే విప్పి ఇచ్చాడు. "రోజూ ఇలాగేనా?" అన్నాడు.

ఊర్వశి దాన్ని తీసుకుని పెట్టెలో పెట్టింది.

"ఉగాది దాకా పొద్దున పూట ఒక్కటే చెయ్యి" అన్నాడు దమయంతితో. "సగం రోజు, సగం కూలి. అంతకంటే నా వల్ల కాదు. పైవాళ్లకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను." కొంచెం దూరం వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఆ స్టూలు తీసేసి వీపు ఆనే కుర్చీ వేయిస్తాను."

"స్టూలు తియ్యకు బాబూ" అంది దమయంతి. "పక్కనే ఉండనీ."

*

కడియాల పెట్టె డాక్టరమ్మతో విశాఖ వెళ్లిపోయింది. కార్తీకం వచ్చేసరికి తవిటమ్మ కూడా పొద్దున పూట పనికే వస్తోంది. డాక్టర్లు అంతే చెయ్యమన్నారు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఇద్దరూ కూర తిని, మందస వెళ్లే బస్సు ఎక్కుతారు. తవిటమ్మ ఊరు ముందు, దమయంతి ఊరు దాని తర్వాత.

తవిటమ్మ కళ్ల కింద నలుపు మళ్లీ వచ్చింది. "నిన్నా లేదేటి?" అని దమయంతి అడగడం, "గిన్నెలు మెరిసిపోతన్నాయి" అని ఆవిడ చెప్పడం రోజూ ఉన్నదే.

ఆ వేళ బస్సులో జనం లేరు. కిటికీలోంచి జీడితోటల గాలి వస్తోంది. దమయంతి ఒంట్లో అలుపు నిండుగా ఉంది. పొద్దుటి గుండూ బద్దా ముక్కా అన్నీ అందులో ఉన్నాయి. ఎవరికీ వంతులు పెట్టని అలుపు, తన సొంతం. ఆమె సీటుకి వెనక్కి వాలి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంతలావు ఆవులించింది.

తవిటమ్మ చూస్తూ ఉంది. చూస్తూ చూస్తూ ఆవిడ నోరు కూడా తెరుచుకుంది.

"ఛీ, అంటించీసినావు" అంది.

"పట్టు" అంది దమయంతి, ఇంకొకటి ఆవులిస్తూ.

తవిటమ్మకూ ఇంకొకటి వచ్చింది. దమయంతి తల ఆవిడ భుజం మీద, పాత చొక్కా మీద వాలింది. ఆ బరువు అక్కడే ఉండిపోయింది. తవిటమ్మ భుజం కదపకుండా కిటికీ వైపు చూసింది. ఎన్నేళ్ల తర్వాతో పక్కన ఒక మనిషి ఊపిరి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. ఆవిడ దాన్ని వింటూ, దానితో పాటే ఊపిరి తీస్తూ, చెట్లు వెనక్కి పోవడం చూస్తూ ఉంది. తర్వాత చెట్లు లేవు.

తవిటమ్మ ఊరు వచ్చింది. కండక్టర్ కేక వెయ్యబోయి, ఒకరి మీద ఒకరు వాలిన ఆ రెండు తలలూ చూసి ఆగాడు. మందస నుంచి వెనక్కి వచ్చేదీ ఇదే బస్సు, ఇదే దారి. వచ్చేటప్పుడు దింపొచ్చులే అనుకుని, రెండుసార్లు కొట్టాల్సిన గంటను మెల్లగా ఒక్కసారి తాకించి, డ్రైవర్‌కి పోనిమ్మని చెయ్యి ఊపాడు.